మొండయ్య సున్నం గీత

మా బావ మొండయ్య తొడ మీద రంపం పడింది నా వల్లే. ముందే చెప్పేస్తున్నాను, ఈ మాట దాచిపెట్టి మిగతాదంతా చెప్పడం నాకు చేతకాదు.

బావ అంటే మా అక్క మంగ మొగుడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి నన్ను కూడా వెంటబెట్టుకుని సూరత్ వచ్చి, ఉధ్నాలో పదేళ్లు మరమగ్గాలు నడిపాడు. పక్క మగ్గం గంగారాం చెయ్యి బెల్టులో పడిన రోజు మేమంతా ఏం చేశామో తెలుసా? బీడీ పొగాకు, వేస్టు దారం కలిపి గాయంలో కుక్కాం. మా వైద్యం అది! చీము పట్టి గంగారాంకి రెండు వేళ్లు తీసేశారు. అప్పటినుంచి బావ మారిపోయాడు. తెల్లగుడ్డలు ఉడకబెట్టి, ఆరేసి, మడతలు పెట్టి బిస్కెట్ల డబ్బాలో వేసుకుని వెంట తిప్పేవాడు. దుమ్ముకు దగ్గు పట్టి మగ్గం మానేసి, తొంభై మూడులో చెట్లు కొట్టించే ఠేకేదార్ దగ్గర పెట్రోలు రంపం పట్టాక ఆ పిచ్చి ఇంకా ముదిరిందనుకున్నాం.

ఎంత పిచ్చి అంటే, మగ్గాల కింద ఊడ్చి పారేసే పాలిస్టర్ దారపు చిక్కులు నన్నడిగి సంచుల కొద్దీ పట్టుకుపోయాడు. మందపాటి క్యాన్వాసు ప్యాంటు ముందుభాగంలో ఆ దారాన్ని దట్టంగా కూర్చి అక్కతో కుట్టించుకున్నాడు. రంపం గొలుసు తగిలితే దారం చుట్టుకుని ఆగిపోతుందట. మండే ఎండల్లో ఆ ప్యాంటు, ఆ బూట్లు, చెవులు మూసే డిప్పలు! మేముండే నవాగామ్ సందుల్లో పిల్లలు వెంటపడేవారు. నేనైతే "మా బావ పరుపు కట్టుకోని పోతున్నడు సూడుండ్రి" అని మా వరస ఇళ్ల చాల్ మొత్తాన్నీ నవ్వించాను.

తొంభై ఆరు జూన్‌లో గాలివాన కొట్టి మా చాల్ ముందరి వేపచెట్టు సందుకు అడ్డంగా పడింది. నీళ్ల నల్లా దాని కిందే ఉండిపోయింది. పొద్దున్నే బావ రంపంతో వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు కోస్తాడా? ముందు సందు చివర ఒక ఆటోరిక్షా నిలబెట్టించి, పని అయ్యేదాకా కదలొద్దని చెప్పాడు. అవసరం పడితే ఏ ఆసుపత్రికి పోవాలో, ఏ దారిన పోవాలో కూడా డ్రైవరుకు చెప్పి ఉంచాడు.

"పెండ్లికొడుకు లెక్క బండి తయారు వెట్టినవేంది బావా?" అన్నాను.

బావ సున్నం పొడితో చెట్టు చుట్టూ పెద్ద గీత గీశాడు.

"జర ఇనుండ్రి," అన్నాడు అందరినీ చూసి. "మిషన్ నడుస్తుంటె గీ గీత లోపటికి ఎవ్వరు రావొద్దు. పని పడితె నా ముంగటికి వచ్చి చెయ్యి లేపుండ్రి. నేను సూసి బంద్ జేస్త. ఎనక నుంచి అసలే రావొద్దు."

"ముగ్గు మంచిగున్నది బావా, రంగులు గూడ వెయ్యి!" అన్నాను. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు కూడా పగలబడి నవ్వారు.

"నవ్వుండ్రి. గీత అవుతల నిలబడి నవ్వుండ్రి," అని బావ రంపం తాడు లాగాడు.

గంట తర్వాత, చూసేవాళ్లంతా ఎవరి పనికి వాళ్లు పోయాక, అక్క నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది. "సల్లారిపోతది తమ్మీ, జల్ది ఇచ్చిరా పో," అని లోపలికి పోయింది. బావ నాకు వీపు పెట్టి కొమ్మ కోస్తున్నాడు. "బావా!" అని మూడుసార్లు అరిచాను. ఎక్కడ వినబడుతుంది? మగ్గాల షెడ్డులో మాకొక అలవాటు. ఆ మోతలో పిలిస్తే వినపడదు గనుక, ఎవరితో పనున్నా వెనక నుంచి పోయి భుజం మీద చరుస్తాం. పదమూడేళ్లుగా రోజుకు వందసార్లు చేసిన పని. కాళ్లు గీత దాటేశాయి. బుర్ర ఎక్కడ పెట్టానో దేవుడికే తెలియాలి. పోయి బావ భుజం మీద ఛట్టున చరిచాను.

బావ ఉలిక్కిపడి తిరిగాడు. రంపం తొడ మీదికి వచ్చింది. ప్యాంటులోంచి తెల్లదారం కుచ్చులు కుచ్చులుగా లేచి గొలుసుకు చుట్టుకుంది. మిషన్ గుర్రుమని ఆగిపోయింది. చూస్తుండగానే తెల్లదారం ఎర్రబడింది. చేతిలో గ్లాసు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు.

"రఘుపతీ!" చెట్టుకు ఆనుకుని కూలబడిన బావే అరిచాడు. "డబ్బా తే!"

డబ్బా పక్కనే ఉంది. నా సిగ్గులేని చేతులు మాత్రం జేబులో దారం వెతికాయి.

"కాలుకు దారం కడ్త బావా..."

"దారం వద్దు, కోస్కపోతది! గుడ్డ పెట్టి అదుము. రెండు చేతులతోని. నీ బరువంత ఎయ్యి."

అదిమాను. గుడ్డ తడిసి ముద్దయింది. తీసి చూడబోయాను.

"తియ్యకు! దాని మీదనే ఇంకోటి పెట్టు. ఏమన్న గానీ, తియ్యకు."

రిక్షా అక్కడే ఉంది, ఎక్కించడానికి నిమిషం కూడా పట్టలేదు. "పెండ్లికొడుకు బండి" అని నేను ఎగతాళి చేసిన రిక్షా! దారి పొడుగునా అదుముతూనే ఉన్నాను. గుంట వచ్చిన ప్రతిసారీ బావ మొహం పాలిపోయేది. "కండ్లు మూయకు బావా, నీ కాళ్లు మొక్కుత," అని ఏడ్చాను. ఈ మనిషి పోతే అక్కకు ఏ మొహం చూపించాలి? నేనే నరికినట్టు కదా! నా చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయో లేవో తెలియలేదు, అయినా ఎత్తలేదు.

"ఆ దారం రంపాన్ని పట్టేయకపోతే కాలు మిగిలేది కాదు. గుడ్డ తీసి ఉంటే మనిషే మిగిలేవాడు కాదు," అన్నాడు డాక్టరు, కుట్లు వేసి బయటికి వచ్చి.

అక్క నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "గీ చేతులె కాపాడినయ్ తమ్మీ," అంది.

బావ అందరికీ రంపం ఎగిరిపడిందనే చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. వచ్చినవాళ్లందరికీ అక్క నా చేతుల్ని చూపించి పొగుడుతుంటే నాకు అన్నం దిగేది కాదు. నాలుగో రోజు ఆసుపత్రి వరండాలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క తిట్టలేదు, కొట్టలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

దీపావళి ముందర ఒక మధ్యాహ్నం షెడ్డులో నా మగ్గాల మధ్య ఉన్నాను. ఎదురుగా, మగ్గానికి అవతల ఎవరో చెయ్యి లేపి నిలబడ్డారు. తలెత్తి చూస్తే బావ! తలుపు నా వెనకే ఉంది. లోపలికి వచ్చి రెండడుగులు వేసి భుజం చరిస్తే పనైపోయేది, మా షెడ్డులో ఎవడైనా అదే చేస్తాడు. బావ ఆ కుంటికాలు ఈడ్చుకుంటూ మగ్గాల వరుసంతా చుట్టి నా ముందుకు వచ్చాడు. నేను చూసేదాకా చెయ్యి దించలేదు.

మగ్గాలు ఆపాను. బావ దగ్గరికి వచ్చి నా చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"మీ అక్క రమ్మన్నది, చాయ్ పెట్టింది. ఆనాటిది పారబోసినవ్ గద, గిదన్న తాగుదువు పా!"