ఆరు గుండీలు

ఆ రోజు మిలిటరీ ఆసుపత్రిలో జరిగిన పోట్లాటలో కోడలే గెలిచింది. అత్తగారు కళ్ళారా చూసింది. యుద్ధంలో కుడిచెయ్యి పోయి, నడుం కింద చచ్చుబడిన కొడుకును ఇంటికి పంపనంది నర్సు. "పుల్లలా ఉన్నావు, అంత మనిషిని నువ్వేం ఎత్తుతావమ్మా?" "అయితే మీరే పడుకోండి మేడం" అని, ఆ భారీ నర్సునే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించి చూపించింది కోడలు. "మొగుణ్ణి చూసుకోవడానికీ బడికెళ్ళాలా?" అని అత్తగారు దెప్పుతున్నా, రోగి సేవ నేర్పే మూడు నెలల శిక్షణలో ఒక్కరోజూ మానని ఉడుంపట్టు ఆమెది.

ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి మగణ్ణి పక్కకు తిప్పి, పుండు పడిందేమోనని వీపంతా తడిమి చూస్తుంది. చొక్కా గుండీలు మాత్రం ససేమిరా పెట్టదు. ఎడమచేత్తో అతను పడే అవస్థ చూడలేక నిన్న తల్లే పెట్టేసింది. సాయంత్రందాకా అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

"నీది రాతిగుండె" అంది అత్తగారు.

"అవును అత్తయ్యా. మీరూ కాస్త రాయవ్వాలి." ఈ పొద్దున అతని ఎదురుగా ఆమెకు కుర్చీ వేసింది కోడలు. "ఆరు గుండీలూ అయ్యేదాకా ఇక్కడే కూర్చోండి. చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యకండి."