జొన్నచేలో దొరికిన సీడీ

నిన్నటి నుంచి మా ఇంటి కిటికీ చువ్వలకు రంగు వేస్తున్నారు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గుప్పున థిన్నర్ వాసన. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు గానీ, నాకు మాత్రం తమిళనాడులోని ధర్మపురి బస్టాండు పక్కన మేడమీది గది, అందులో సరోజక్క గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో, ఆ థిన్నర్‌తోనే, నేను ఒక రైతు పరువును శుభ్రంగా తుడిచిపెట్టాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

సరోజక్క నా యజమానురాలు. కంబైనల్లూరు దగ్గరి రైతు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం మాత్రం రాదు. మొదట టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపింది. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక అదే గదిలో కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టింది. నేను చేరింది రెండువేల ఆరేడు ప్రాంతంలో. అప్పటికీ రెండు టైపు మిషన్లు గుడ్డ ముసుగేసుకుని ఓ మూల కూర్చునే ఉండేవి. ఆ రోజుల్లో ఏ కంప్యూటర్ చెడినా వీధిలో చాలామంది ఒకే సీడీతో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పంపేసేవాళ్లు. దాన్ని అందరూ తమిళంలో ‘తిరుట్టు సీడీ’ అనేవాళ్లు, అంటే దొంగ సీడీ. అక్క దాన్ని మెట్లెక్కనిచ్చేది కాదు.

ల్యాప్‌టాప్ చేతికి రాగానే ముందు బోర్లా తిప్పేది. అడుగున అంటించిన చిన్న చీటీ మీద ఇరవై అయిదు అక్షరాలు, అంకెలు ఉండేవి. ఆ మిషన్‌లోని సిస్టమ్ న్యాయంగా వచ్చిందనడానికి అదే రుజువు. మళ్లీ ఎక్కించాలంటే ఆ అక్షరాలు కొట్టాల్సిందే. వాటిని ఒకరు చదవాలి, ఒకరు కార్డు మీద రాయాలి. ఒక అక్షరం ఇంకొకటిగా వినబడకుండా మా ఊళ్ల పేర్లు కలిపి చదివేవాళ్లం. “డి ధర్మపురి, పి పాపారపట్టి, కె కంబైనల్లూరు, వి వత్తల్‌మలై” అని అక్క గొంతెత్తితే, కింద టీకొట్టు దగ్గరివాళ్లు బస్సు కండక్టరమ్మ వచ్చిందని నవ్వేవాళ్లు. కార్డు రాశాకే పని ముట్టుకోవాలి. ఆ విషయంలో అక్క ఎవరి మాటా వినేది కాదు.

ఒక శుక్రవారం పాపారపట్టి నుంచి మునియప్ప అనే రైతు, తువ్వాల్లో చుట్టిన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. కాలేజీలో చదివే కూతురి కోసం తెలిసినవాళ్ల దగ్గర కొన్న పాత మిషన్ అది. వైరస్ పట్టిందని ఎక్కడో ఇస్తే, వాళ్లు తిరుట్టు సీడీ వేసి పంపారు. అప్పటి నుంచి తెర మూలన, ఇందులోని సిస్టమ్ అసలుది కాదని ఇంగ్లీషులో హెచ్చరిక వస్తోంది. హాస్టల్లో పిల్లలు చూసి నవ్వారట.

“ఇంతవరకు ఒకరి చేలో ఒక్క కంకి తుంచినోణ్ని కాదమ్మా,” అన్నాడు, మా మాటలు విని తమిళం నుంచి తెలుగులోకి దిగుతూ. “ఇప్పుడు నా ఇంట్లో దొంగ సామాను ఉండాదని ఇదే దినామూ చెప్తాది. నా బిడ్డ తలెత్తుకోలేకుండా ఉండాది.”

అక్క ల్యాప్‌టాప్ తిప్పి చీటీ చూపించింది. “మీది దొంగ సొత్తు కాదన్నా. ఇదో, మీ సాక్షి ఈడే అంటుకోని ఉండాది. సోమవారం రండి. ఆ మాట మళ్లీ రాదు.”

ఆయన ఆ చీటీని వేలితో ఒకసారి తడిమి, దండం పెట్టి వెళ్లాడు.

మర్నాడు అక్క ఏదో పెళ్లికి వెళ్తూ “ముందు కార్డు రాయి, తర్వాతే పని” అని చెప్పి మరీ వెళ్లింది. నేనేమో మెప్పు కోసం పడిచచ్చే మనిషిని. మిషన్ అడుగంతా మట్టి, జిగురు. ముందు దాన్ని తళతళలాడించేద్దామని దూదికి థిన్నర్ అద్ది రుద్దాను. మట్టి పోయింది, జిగురు పోయింది, చీటీ మీది ఇరవై అయిదు అక్షరాలూ పోయాయి. కాసేపు ఏడ్చి, కిందికి దిగి, పక్క దుకాణంలో తిరుట్టు సీడీ కాపీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. హెచ్చరిక రాకుండా చేసే కిటుకు కూడా వాళ్లే చెప్పారు. సాయంత్రానికి మిషన్ చక్కగా నడుస్తోంది. ఇక ఎవరికీ ఏమీ తెలియదని ఊపిరి పీల్చుకున్నాను.

అక్క వచ్చి, పెళ్లివారిచ్చిన కొబ్బరికాయ సంచి బల్ల మీద పెట్టింది. “కార్డు ఏది మంజూ? చదువు, సరిచూస్తాను.”

“చీటీ ముందే చెరిగిపోయి ఉండాదక్కా,” అన్నాను.

అక్క మిషన్ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. “థిన్నరు,” అంది. అంతే, మొత్తం చెప్పేశాను.

“తుడిచినందుకు నేనేమీ అనను. పని చేసే చెయ్యి తప్పు చేస్తాది,” అంది అక్క. “అప్పుడే ఫోన్ చేసింటే ఒక్క తప్పుతో పోయుండు. దాన్ని దాచేదానికి ఆయన ఇంటికి మళ్లీ దొంగ సామానే పంపిస్తా ఉండావు. ఈసారి ఆయనకి తెలియకుండా.”

“ఇప్పుడేం చేసేదక్కా?”

“రేపు పాపారపట్టి పోదాం. నువ్వే చెప్పల్ల. నీ నోట్లోనుంచి వచ్చే మొదటి మాట అదే కావల్ల.”

మునియప్ప, కూతురు కవిత జొన్నచేను గట్టు మీద ఉన్నారు. మంచినీళ్లు ఇవ్వబోతే గ్లాసు అందుకోకముందే చెప్పేశాను. “మీ చీటీ నేనే తుడిచేసినాను. దొంగ సీడీ వేసి మీకు తెలియకుండా ఇచ్చేద్దామనుకున్నాను.”

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. “అట్లయితే నాకు సాక్షి లేదు,” అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల దించుకున్నాను.

అక్క కవిత వైపు తిరిగింది. “కొన్నప్పుడు సంచిలో సీడీ ఏదన్నా వచ్చిందా పాపా?” మిషన్‌తో పాటు కంపెనీవాళ్లిచ్చే సీడీ తన మిషన్‌ను తానే గుర్తుపడుతుంది, చీటీ అక్షరాలు అడగదు. కవిత తండ్రి వైపు చూసింది. తండ్రి చేను వైపు చూశాడు.

“పాట రాని సీడీ కదా అని,” అన్నాడు నసుగుతూ, “చిలకలకి కట్టేసినాను.”

అప్పుడు చూశాను. చేనంతా కర్రలకు దారాలతో సీడీలు వేలాడుతున్నాయి. ఎండకు మెరిసి చిలకలను బెదరగొడతాయని ఆ వైపు చాలామంది అలా కడతారు. నలుగురం చేలో పడ్డాం. గాలికి గిర్రున తిరిగే ఒక్కొక్కదాన్నీ పట్టి ఆపి, మీద రాసింది చదవడం. సినిమా పాటలైతే వదలడం, దేవుడి పాటలైతే వదలడం. కొంగు నడుముకు దోపుకున్న అక్కకే చివరికి అది దొరికింది. “ఇదోన్నా, మీ సాక్షి! చేనికి కావలి కాస్తా ఉండాది!” అని అరిచిన అరుపుకు ఉన్న చిలకలు కాస్తా ఎగిరిపోయాయి. మునియప్ప ఆ పొద్దున మొదటిసారి నవ్వాడు.

సీడీ నిండా గీతలు. అక్క మేడమీదికి రాగానే వేలికి టూత్‌పేస్టు రాసుకుని, మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిచింది. మిషన్‌లో పెడితే సిస్టమ్ ఎక్కడం సగంలో ఆగిపోయింది. మళ్లీ తుడిచింది, మళ్లీ ఆగింది. మూడోసారి గుడ్డ నా ముందుకు తోసి, “తుడిచేది నీకు బాగా వచ్చు కదా, నువ్వే తుడువు,” అంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈసారి చివరిదాకా ఎక్కింది.

సోమవారం మునియప్ప తెర ముందు కూర్చుని, పావుగంట కన్నార్పకుండా ఆ మూలవైపే చూశాడు. “రాలేదు,” అన్నాడు.

“ఇంక రాదన్నా.”

ల్యాప్‌టాప్ తువ్వాల్లో చుట్టుకుని, మొహమాటంగా అడిగాడు. “ఆ సీడీ తిరిగి కట్టుకోవచ్చునామ్మా? చిలకలు...”

అక్క అసలు సీడీని కవరులో పెట్టి, బీరువాలో దాచమని ఆయన చేతికిచ్చింది. నేను తెచ్చిన తిరుట్టు సీడీ తీసి నా చేతిలో పెట్టింది. “దీనికి దారం కట్టియ్యి మంజూ. చేలోనన్నా న్యాయమైన పని చెయ్యనీ.”

దారం గట్టిగా ముడివేసి ఇచ్చాను.

ఇప్పుడు హోసూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత నాదే. నా చేత తప్పులు ఇంకా జరుగుతూనే ఉంటాయి. జరిగిన వెంటనే వెళ్లి చెప్పేస్తాను. అలా చెప్పేసిన రోజు హాయిగా నిద్రపడుతుంది. ఈ హాయి అక్క పెట్టిన భిక్షే.

పెద్దయ్యాక నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో ఇదంతా రాసి, ఇందాక అక్కకు ఫోన్ చేశాను. నీ గురించి రాశాను, చదివి వినిపిస్తానన్నాను.

“థిన్నరు సంగతి రాసినావా?” అంది.

“రాసినానక్కా.”

“యాడ?”

“మొదట్లోనే.”

“సరి,” అంది అక్క. “అయితే చదువు.”