తుక్కు అని రాయని కాగితం

గంగారం దగ్గర ఒక బడిలో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ సారును. ఎనిమిది కంప్యూటర్లుండేవి, ఒక్కటీ వెలిగేది కాదు. రెండింటి పెట్టెల్లో ఎలుకలు పిల్లల్ని కూడా పెట్టాయి. అయినా పాఠం ఆపలేదు. కీబోర్డులు తుడిచి వరసగా పెట్టి ఆ ఉత్త మీటల మీదే టైపింగ్ నేర్పేవాణ్ణి. తెర దిక్కు చూడొద్దు, కాయితం దిక్కే చూడుండ్రని రోజూ చెప్పేవాణ్ణి. టైపింగ్‌కు అది మంచి పద్ధతే. కాని నేనెందుకు చెప్పానో నాకు తెలుసు.

తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పత్తి ఏరి ఏరి చీరుకుపోయిన వేళ్లు ఆ మీటల మీద పరుగెత్తుతుంటే ముచ్చటేసేది, ఆ వెంటనే మనసు చివుక్కుమనేది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బడి నడిచిన రోజులకన్నా బంద్‌లే ఎక్కువ. అప్పుడే పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఈ కంప్యూటర్లను బాగుచేసి వాడుకోవచ్చా, తుక్కుకు పంపాలా అని. తుక్కు అని రాస్తే కొత్తవి వస్తాయి. అవి వచ్చేదాకా కంప్యూటర్లు లేని బడికి కంప్యూటర్ సారు అక్కర్లేదు. హెడ్మాస్టరు కాగితం నా ముందు పెట్టి, "నీ బతుకు నీ చేతులనే ఉన్నది. జర సోంచాయించి రాయి" అన్నారు. నా బిడ్డకు అప్పటికింకా ఏడాది నిండలేదు.

ఆ పొద్దున్నే మా కొలువులు మాకు కావాలని ఊరేగింపులో గొంతు పోయేలా అరిచి వచ్చాను. మధ్యాహ్నం కూర్చుని, కొత్త భాగాలు వేస్తే ఇవే పనిచేస్తాయని రాసి సంతకం పెట్టాను. పచ్చి అబద్ధం. సిగ్గేసింది, అయినా రాశాను.

భాగాలు రానే లేదు. తుక్కు అని రాసిన మరిపెడ దిక్కు బడికి మరుసటి ఏడాదే కొత్త కంప్యూటర్లు దిగాయి. మా బడిలో నిలబడింది నా కొలువొక్కటే.

ఆ అమ్మాయి ఇంటర్‌కు పోయినా సెలవుల్లో వచ్చి ఆ మీటలే కొట్టేది. ఇంటర్ అయ్యాక మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో టైపింగ్ పని ఉందంటే పరీక్షకు నేనే తీసుకుపోయాను. ఆ పని దొరికితే ఇక పత్తి చేనుకు పోనని బస్సులో ఎన్నిసార్లు చెప్పిందో!

తలుపు దగ్గర నిలబడి చూశాను. అక్కణ్ణుంచి నాకు కంప్యూటర్ల వెనకవైపే కనబడేది. ఆమె కాగితం మీది చూపు తిప్పకుండా పావుగంట కొట్టింది. నా చేతులు నేర్పిన పనే కదా అని పొంగిపోయాను కూడా. టైమయ్యాక ఆఫీసాయన వచ్చి చూస్తే ఆ కంప్యూటర్‌కు స్విచ్చే వేసి లేదు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. ఇంకొక్కసారి కూర్చోనివ్వమని బతిమాలాను. వినలేదు.

బస్టాండుకు నడిచి వచ్చాం. బస్సెక్కబోతూ ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది.

"తెర దిక్కు చూడొద్దని మీరే చెప్పిండ్రు గద సారూ?"