పెదవి మీద సున్న

పోయిన నెలలో ఒక సాయంత్రం హనుమకొండ నుంచి షేరింగ్ ఆటోలో ఇంటికి వస్తుంటే బరాత్ అడ్డం వచ్చింది. ముందు డీజే బండి, దాని వెనుక ఎర్రకోట్లు, బంగారు రంగు జరీ టోపీలు పెట్టుకున్న ఎనిమిది మంది బ్యాండు వాళ్ళు, వాళ్ళ వెనుక గుర్రం మీద పెళ్ళికొడుకు. డీజే మోతకు ఆటో పైరేకు వణుకుతోంది. డ్రైవరు ఇంజను ఆపేసి, "ఇగ అర్ధగంట కదలదమ్మా" అని బీడీ ముట్టించుకున్నాడు. నాకేమీ తొందర లేదు. ఆటోలోంచి తల బయటపెట్టి బ్యాండు వాళ్ళను చూశాను. చివరన నిలబడ్డ మనిషి బాకా నోటికి ఆనించి, మూడు వేళ్ళతో మూడు మీటలూ చకచకా నొక్కుతున్నాడు. బుగ్గలు మాత్రం పొంగడం లేదు. మెడ నరం లేవడం లేదు. కాసేపటికి బాకా దించి కర్చీఫ్‌తో మూతి తుడుచుకున్నాడు. పెదవి శుభ్రంగా ఉంది. పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోనులో వీడియో తీస్తూ, "బ్యాండు మస్తు కొడుతున్రు గదా ఆంటీ" అంది. "ఆ, మస్తు కొడుతున్రు" అన్నాను. ఆ పిల్లకు చెప్పి ఏం లాభం. ఆ మనిషి పొద్దుటినుంచీ ఒక్క ఊపిరి కూడా అందులోకి వదల్లేదని వాడి పెదవే చెబుతోంది. ఆ రాత నాకు ముప్పై ఏళ్ళుగా చదవడం వచ్చు.

అసలు చదువు మాత్రం ఈ మధ్యే వచ్చింది. ఆ ఆటో ఎక్కింది కూడా పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే చోటు నుంచే. అక్కడ టీచరమ్మకు నా చిన్నకూతురి వయసుంటుంది. అచ్చులు చివరికి వచ్చిన రోజు బోర్డు మీద గుండ్రంగా ఒకటి గీసి, "దీన్ని సున్న అంటరు. దీనికి ఒంటరిగ చప్పుడు లేదు. పక్క అక్షరాన్ని పట్టుకొనే పలుకుతది" అని చెప్పింది. ఇది నాకు తెలుసు అన్నాను. "ఏడ నేర్చుకున్నవమ్మా?" అని అడిగింది. "మా ఇంట్లనే" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పూట మళ్ళీ పలక మీద చెయ్యి ఆడలేదు.

మా ఆయన బ్యాండులో బాకా ఊదేవాడు. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే చూశాను, ఊది వచ్చిన రోజు ఆయన పెదవుల మధ్య గుండ్రంగా ఒక అచ్చు పడి ఉండేది. బాకాకు నోరు ఆనించే చోట చిన్న గిన్నె లాంటి ముక్క ఉంటుంది. మౌత్‌పీస్ అంటారు. దాని అంచు నాలుగైదు గంటలు ఒత్తుకుంటే పడే ముద్ర అది. పెళ్ళిళ్ళు వరసగా ఉంటే మానేది కాదు, ఎర్రగా కందిపోయి ఉండేది. రోజూ దాని మీద వెన్న రాసేదాన్ని. కూరలో కారం తగ్గించేదాన్ని. మాకు ముహూర్తాలే పంటలు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే అచ్చు మానిపోయేది, వంటింట్లో డబ్బాలు ఖాళీ అయ్యేవి. "తురకోళ్ళయ్యుండి మూఢానికి భయపడేది మనమొక్కలమే" అని మా అత్త నవ్వేది. రంజాన్ ఉపవాసాలు నెలే, మూఢం ఉపవాసాలకు లెక్క లేదు అనేది.

కొత్తలో నేనొక తప్పు చేశాను. బాకా మసకబారి కనబడితే, మా అమ్మ ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు, పొయ్యి బూడిద వేసి తోమడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఆయన వచ్చి లాక్కున్నాడు. కోపం రాలేదు, నవ్వాడు. "ఏందే, దీన్ని బిందె అనుకున్నవా? లోపట మీటలుంటయి. బూడిద పొయ్యి కూసుంటే మీట లేవది. మీట లేవకుంటే పాట రాదు" అన్నాడు. వాకిట్లో కూర్చొని మీటలు విప్పి, ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి చూపించాడు. పైన పొడిగుడ్డతో తుడువు, లోపలికి నీళ్ళు పోకూడదు అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇరవై ఏళ్ళు తప్పలేదు.

బ్యాండు మాస్టర్‌ది మా గల్లీయే. వాళ్ళు పద్మశాలీలు, ఇంటి వెనుక షెడ్డులో సాంచెలు, అదే మరమగ్గాలు, నడిచేవి. సాంచెలు ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు కనుక కరెంటు పోయినప్పుడే ప్రాక్టీసు. గల్లీలో అందరూ కరెంటు వాళ్ళను తిడుతుంటే మా ఇంటాయన మాత్రం చంకలో బాకా పెట్టుకొని పరుగెత్తేవాడు. పదేళ్ళ వయసు నుంచీ అక్కడే నేర్చుకున్నాడు. మాస్టర్ దగ్గర ఒక పాట ఉండేది. పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఊదే పాటనే శవయాత్రలో సగం వేగంతో ఊదించేవాడు. ఇదేమిటని ఎవరో అడిగితే, "ఆడ బిడ్డను పంపుతం, ఈడ మనిషిని పంపుతం. పంపుడు ఒక్కటే కదరా" అన్నాడట. ఆ పాట మా ఆయన ఊదితే మాస్టర్ భార్య, నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని, చేతిలో పని ఆపి వినేది. "నేను పోయిన్నాడు ఇదే ఊదాలె, నువ్వే ఊదాలె" అని మాస్టర్ నలుగురిలో అనేవాడు. "నువ్వు నాకన్న ముందల పోతే నాకు ఊదేటోడు లేడురా, జర ఆగు" అని ఎగతాళి చేసేవాడు.

ఒక పెళ్ళి బరాత్‌లో, స్టేషన్ వైపు రోడ్డు మీద, పెళ్ళికొడుకు దోస్తు ఒకడు తాగి వెనక్కి ఎగురుతూ ఆడాడు. వాడి భుజం బాకా ముందు భాగానికి తగిలింది. బాకాకు దెబ్బ ముందు తగిలితే పోటు వెనక నోటికి. ముందరి పై పళ్ళు రెండు ఊడి వచ్చాయి. బరాత్‌లో పాట ఆపకూడదు గనుక మిగతావాళ్ళు ఆపలేదు. ఆయన కర్చీఫ్‌లో రెండు పళ్ళూ మూటగట్టుకొని ఇంటికి వచ్చాడు. ఏడుస్తున్న నాతో, "పాలపండ్లయితే మల్ల మొలుస్తుండె" అన్నాడు. వెనుక పళ్ళ ఆసరా లేకపోతే పెదవి నిలవదు, పెదవి నిలవకపోతే బాకాలో గాలి పలకదు. దవాఖానలో కట్టుడు పళ్ళు పెట్టారు. బలంగా ఊదితే అవి జారి నాలుక మీద పడేవి.

అయినా పెళ్ళిళ్ళకు పోవడం మానలేదు. నెలరోజులకు నాకు అర్థమయింది, వచ్చిన మనిషి పెదవి మీద అచ్చు లేదు. ఇలాంటివాణ్ణి బ్యాండులో డమ్మీ అంటారు. పన్నెండు మంది కనబడాలని పెళ్ళివాళ్ళు అడిగితే ఎనిమిది మంది ఊది, నలుగురు కోటు వేసుకొని ఊదినట్టు నిలబడతారు. మాస్టర్ జాలితో ఆయన్ని ఆ వరసలో పెట్టాడు. మాస్టర్‌కు ఒకటే పట్టు ఉండేది. "పెండ్లిల డమ్మీ నడుస్తది. సావుకాడ నడువది. ఆడ ఊదకుంట నిలబడ్డోడు పీనుగుతోని సమానం" అనేవాడు. కనుక చావు కబురు వస్తే మా ఆయన ఇంట్లోనే ఉండేవాడు. కోటు వేసుకునేవాడు కాదు.

ఒకరోజు బాకాను చింతపండుతో తోమాను. ఎందుకు తోమానో నాకే తెలియదు. డమ్మీ బాకాకు మెరుపు ఒక్కటే కదా కావాల్సింది అనుకున్నానేమో. ఆయన వాకిట్లోకి వచ్చి చూశాడు. లాక్కోలేదు. చెప్పులేసుకొని బయటకు వెళ్ళిపోయాడు. ఆ రోజుతో అది మా ఇంట్లో బిందె అయిపోయింది. ప్రతి పెళ్ళికీ ముందు పైపైన తోమేదాన్ని.

ఏడాదిన్నర గడిచాక ఒక మధ్యాహ్నం, చీరలకు ఫాల్స్ కుట్టే ఇంటి నుంచి త్వరగా వస్తే లోపల నుంచి బాతు అరుపు వినబడింది. మా ఇంట్లో బాతు లేదు. తలుపు సందులోంచి చూస్తే మా ఆయన, మౌత్‌పీస్ ఒక్కటే రెండు వేళ్ళతో పట్టుకొని ఊదుతున్నాడు. పళ్ళ కట్టు జారకుండా పైన గుడ్డపేలిక దోపుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నొప్పికే కావచ్చు. చప్పుడు చేయకుండా మళ్ళీ వీధిలోకి వెళ్ళి, గొళ్ళెం గట్టిగా ఆడించి వచ్చాను. అప్పటికి బాతు ఆగిపోయింది. ఆ తర్వాత నెలకు పెదవి మీద సగం అచ్చు కనబడింది, విదియ నాటి చంద్రుడిలా. మూడు నెలలకు నిండింది. ఆ పూట నేను వెన్న గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆయన నా ముఖం చూసి, "బాతు సంగతి ఎరికేనన్నట్టు" అన్నాడు.

మాస్టర్‌కూ చెప్పాడు. షెడ్డులో పాట సగం వరకూ ఊది వినిపించాడట. "వచ్చే శుక్రారం లగ్గానికి నువ్వు ముందల నిలబడుతున్నవ్. ఎవడన్న ఎగిరిండంటే నేనే వాని పండ్లు రాలగొడత" అన్నాడట మాస్టర్. రెండేళ్ళ తర్వాత మా ఆయన ముందు వరసలో నిలబడబోతున్నాడు. గురువారం పొద్దున నాకు కాలు నిలవలేదు. బాకాను ఎన్నడూ తోమనంతగా తోమాను. చింతపండు పిప్పి, మెత్తటి బూడిద. సందుల్లో కూడా నలుపు ఉండొద్దని లోపలికి రెండు చెంబుల నీళ్ళు పోసి ఊపి ఊపి కడిగాను. ఎండలో బోర్లించాను. ఇది మళ్ళీ ఊదే బాకా అయిందని, పాత ఒట్టు మళ్ళీ మొదలైందని ఆ సంతోషంలో నాకు గుర్తే రాలేదు.

పది గంటలకు మాస్టర్ షెడ్డులో ఛాతీ పట్టుకొని కూలిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. మా ఆయన కోటు వేసుకున్నాడు, గుండీలు నన్ను పెట్టమన్నాడు. బాకా తీసుకొని మీటలు ఒకసారి నొక్కాడు. తడి మీద ఉన్నాయి, లేచాయి. వెళ్ళాడు. నేను చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. దూరం చుట్టాలు రావాలని శవాన్ని రెండు గంటలు ఆపారు. బ్యాండు వాళ్ళు ఎండలో నిలబడ్డారు. బాకాలన్నిటిలోకీ ఆయనదే మెరుస్తోంది.

పాడె లేపారు. ఆయన నోటికి ఆనించుకున్నాడు. మొదటి స్వరం వచ్చింది. కట్టుడు పళ్ళతో వచ్చిన స్వరం అది, గట్టిగా, వంకర లేకుండా. చిన్నమ్మ ఏడుపు ఆపింది. రెండో స్వరానికి నడిమి వేలు నొక్కాడు. మీట దిగింది, లేవలేదు. చూపుడువేలితో పైకి లాగాడు. మళ్ళీ నొక్కాడు. ఎండలో బూడిద గడ్డకట్టింది. ఒక్క క్షణం తలెత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. నన్ను వెతికాడా, ఊరికే చూశాడా, ఇప్పటికీ తెలియదు. పక్కవాడి బాకా అడగొచ్చు. అడిగితే ఎందుకని అడుగుతారు, తన బాకా చూపించాలి, నేను తోమిన సంగతి బయటపడుతుంది. అడగలేదు. మీట అలా దిగిపోయి ఉన్న బాకాలోనే, వచ్చిన మూడు నాలుగు స్వరాలనే ఊదుతూ నడిచాడు. పోలీసు పరేడ్‌లో బిగిల్ లాగా అవే, మళ్ళీ అవే. గల్లీ మలుపు తిరిగిన తర్వాత కూడా వినబడుతూనే ఉన్నాయి. బ్యాండులో కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొని, "బిడ్డా, గా పాట ఎందుకు వస్తలేదు? అవే ఎందుకు ఊదుతాండు?" అని అడిగింది. నేను చెప్పలేదు.

ఊరు చెప్పుకుంది. "పండ్లు పోయినంక అంతే. ఉస్తాద్ పోయిన్నాడన్న గమ్మున ఉండకపాయె" అన్నారు. ఆయన ముందే అన్నారు. "అవును, పండ్లే. ఆగలేవు" అని ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చినప్పుడు పెదవి మీద అచ్చు నిండుగా ఉంది, కింది సగంలో నెత్తురు గడ్డకట్టింది. వెన్న రాయబోతే తల పక్కకు తిప్పుకొని, "ఉండనీ" అన్నాడు. బాకాను మేకుకు తగిలించాడు. నడిమి మీట దిగే ఉంది. దాని అంచున బూడిదరంగు పొక్కు కనబడుతోంది. ఆయనా చూశాడు, నేనూ చూశాను. నూనె సీసా గూట్లో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఆయన తీయలేదు. ఆ శుక్రవారం లగ్గానికి పోలేదు, ఆ తర్వాత దేనికీ పోలేదు. ఒక బట్టల గోదాములో కాపలా పని చూసుకున్నాడు. ఒక్కనాడు కూడా నన్ను మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

నాలుగేళ్ళు బతికాడు. గుసుల్ స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టాక ముఖం చూడమని నన్ను పిలిచారు. నేను పెదవే చూశాను. ఏ రాతా లేని పలకలా ఉంది. ఇప్పుడు ఆయన పేరు రాయడం వచ్చింది. అందులో ఒక సున్న ఉంది. రాసిన ప్రతిసారీ అక్కడ చాక్‌పీసు ఆగుతుంది. టీచరమ్మ అది నా చేతి బలహీనత అనుకుంటుంది. బాకా ఇంకా అదే మేకుకు ఉంది, నేను తోమను, ఎవరినీ ముట్టనివ్వను. కాలం అన్నిటినీ కడిగేస్తుందని అంటారు. ఆయన పెదవి మీది అచ్చును అది కడిగేసింది. నా చేతులతో పోసిన బూడిదను మాత్రం ఆ మీట కిందే ఉంచింది.