నీళ్లు దులపని ట్రంపెట్

సిరిసిల్లలో ఆ పెళ్లి బరాత్ పద్నాలుగు పాటలు నడిచింది. ఉస్తాద్ ఒక్కసారి కూడా తన ట్రంపెట్‌లో నీళ్లు దులపలేదు.

ఊదిన ఊపిరి గొట్టంలో నీరవుతుంది. నాలుగైదు పాటలకోసారి కింది చిన్న మూత తెరిచి దులపాల్సిందే. నేను మూడుసార్లు దులిపాను. ఆయన సున్నా. బుగ్గలు ఉబ్బుతున్నాయి, వేళ్లు ఆడుతున్నాయి, చెమట కూడా కారుతోంది.

ఈ వేషం నాకు తెలుసు. పెళ్లివాళ్లు మా బ్యాండుకు తలల మీది టోపీలు లెక్కపెట్టి డబ్బు మాట్లాడుకుంటారు. పన్నెండు టోపీలంటే అందులో ఇద్దరైనా ఊదనివాళ్లు ఉంటారు. కోరుట్లలో నా మొదటి సీజనంతా నేనూ అట్లా ట్రంపెట్ పట్టుకుని ఊరికే నడిచినవాణ్ణే. తర్వాత నాకు ఊదడం నేర్పింది ఈ ఉస్తాదే.

మరునాడు జగిత్యాలలో ఒక ప్రైవేటు బడి హెడ్మాస్టర్ ముందు ఆయన వాయించాలి. పిల్లలకు బ్యాండు నేర్పే పని. పెళ్లిళ్లు లేని నెలల్లో ఆయనకు వేరే ఆధారం లేదని నేనే మాటిచ్చి కుదిర్చాను. గత మూడు పెళ్లిళ్లూ గుర్తు చేసుకున్నాను. ఒక్కదాంట్లోనూ ఆయన నీళ్లు దులిపినట్టు లేదు.

పొద్దున బస్సులో అడిగేశాను.

“ఉస్తాద్, నిన్న మీరు ఊదిన్రా?”

“నీకు ఇనబడలేదా బేటా?”

“ఇనబడలే.”

“ముంగట డీజే పెట్టిండ్రు. నీది నీకు ఇనబడ్డదా?” అని కిటికీ వైపు తిరిగాడు. అది జవాబు కాదు.

బడిలో హెడ్మాస్టర్ ఒక పాట వాయించమన్నాడు. ఉస్తాద్ నావైపు ఒకసారి చూసి, కట్టుడు పళ్లు తీసి రుమాలులో చుట్టాడు.

“పండ్లు పోయినయి సార్. ఊదుడు రాదు. నేర్పుడు వస్తది.”

“ఊదరానాయన ఎట్ల నేర్పుతడు?” హెడ్మాస్టర్ అడిగింది నన్ను.

“నువ్వు ఊదు బేటా,” అని ఉస్తాద్ నా వేళ్లు కనబడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పళ్ల సంగతి దాచినవాడు చెవుల సంగతి దాచడని ఏముంది? ప్రతి బరాత్‌లో మేం మొదట వాయించే పాట ఎత్తుకుని, చరణంలో రెండో బటన్‌కు బదులు ఒకటోది నొక్కాను.

“ఆపు. రెండోది నొక్కాలె. కావాలని తప్పు నొక్కినవ్. నాకే పరీక్ష పెడుతున్నవా?”

హెడ్మాస్టర్ నవ్వాడు.

“ఇంకోటి. పల్లవి తిరిగి ఎత్తుకునేటప్పుడు ఒకటీ రెండూ కలిపి నొక్కాలె. నువ్వు ఒకటే నొక్కుతవ్. గా తప్పు మాత్రం కావాలని కాదు, ఇరవై ఏండ్లసంది చేస్తున్నవ్.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?”

“బరాత్‌ల ఎవడు ఇంటడు బేటా? ఈడ పోరగాండ్లు నేర్చుకుంటరు గద.”

నమ్మక, రెండు విధాలా ఊది చూశాను. ఆయన చెప్పిందే సరి.

హెడ్మాస్టర్ ఆయన్ను వారానికి ఆరు రోజులు రమ్మన్నాడు. ఊది చూపించడానికి నన్ను రెండు రోజులు.