ఒత్తు జారిన ఉత్తరం

రండి, చాప మీద దగ్గరగా కూసోండి. ఈ పొద్దు డిక్టేషన్‌లో సగం మంది ఒత్తులు ఎగరగొట్టినారు. పైగా సుగుణ అంటాది, 'ఒక్క ఒత్తే కదా సార్' అని. ఒక్క ఒత్తు మీ సారుని ఏం చేసిందో చెప్తాను, ఇనండి.

మదనపల్లెలో నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన దినాలవి. బెంగళూరు పోయిన పిల్లోళ్లు మన పుంగనూరులో మా వీధి గంగమ్మ భజనకి ఒక మెయిల్ గ్రూపు పెట్టించినారు. అందులో హార్మోనియం నాగరాజప్ప రాసినాడు: 'మొగాళ్లని ఇష్టపడే మొగాళ్లంట, టీవీలో చూపిస్తాండారు. అట్లాంటోళ్లు భజనలో ఉంటే అమ్మకి మైల.'

నేను అట్లాంటోణ్ణే. అప్పటికే పదైదేండ్లుగా ఆ భజనలో తాళాలు కొడతాండాను. నెట్‌లో నాలాంటోళ్ల గ్రూపు ఇంకొకటి ఉండాది. ఆడ అడిగితే, 'దేవుడూ వద్దు, భజనా వద్దు, వదిలేయండి సార్' అన్నారు. నేను యాల వదలాల? అమ్మ నన్ను పొమ్మనలేదు. పొమ్మనింది నాగరాజప్ప.

శనివారం మదనపల్లె బస్సెక్కినాను. ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టాల. ఒక్కొక్కటే వెతికి కొట్టినాను: 'నాకు మొగాళ్లు ఇష్టం. అమ్మకి లేని అభ్యంతరం మీకు యాల?' పంపించేసి, టీ కూడా తాగకుండా తిరుగు బస్సెక్కేసినాను.

శుక్రవారం గుడికి పోతే అందరూ నవ్వు మొగాలే. నా ముందర బుట్టెడు మల్లెమొగ్గలు.

'ముందే చెప్పకూడదా సార్?' అన్నాడు నాగరాజప్ప, ప్రింటు తీసిన కాగితం చూపిస్తా. 'నేను రాసిందానికీ దీనికీ పొంతన కుదరలేదు గానీ, మొగ్గలు ఇష్టమని రాసినారు కదా. ఇంక పూలసేవ మీదే.'

కాగితం చూసుకున్నాను. ఇంగ్లీషులో l రెండుసార్లు కొట్టాల్సింది ఒకసారే కొట్టి, g రెండుసార్లు కొట్టిండాను; అంటే ళ కింద పడాల్సిన ఒత్తు జారి గ కింద పడిండాది. మొగాళ్లు మొగ్గలైపోయినారు.

నోరు మూసుకోనుంటే ఆడికి సరిపోయేది. అయితే ఇరవై ఏండ్లు ఎర్రసిరా పట్టిన చెయ్యి ఇది, తప్పు చూసి ఊరుకోదు. జేబులో పెన్ను తీసి దిద్దినాను.

'మొగ్గలు కాదప్పా, మొగాళ్లు. నువ్వు రాసింది నా గురించే. తాళాలు మాత్రం కింద పెట్టను.'

నాగరాజప్ప హార్మోనియం పెట్టె మూసేసినాడు. పూలు కట్టే మునెమ్మవ్వ బుట్ట తన పక్కకి లాక్కొని అనింది: 'మొగ్గలైతే నేను తెచ్చిస్తాను సామీ. మొగాణ్ణి మాత్రం నువ్వే ఎతుక్కోవాల. తాళం కొట్టు, పొద్దుపోతాండాది.'

మూడు వారాలు హార్మోనియం లేకుండానే పాడినాము. నాలుగో వారం నాగరాజప్ప వచ్చినాడు. ఇప్పటికీ నా పక్కన కూసోడు గానీ, వాయించేది నా తాళానికే.

తప్పు కాపాడతానంటే, దాన్నీ దిద్దేసిన పంతులు యాడన్నా ఉంటాడా? మీ ముందరే ఉండాడు.

లోపల గరిటె సప్పుడు ఇనపడతాంది కదా, నేను ఎతుక్కున్నాయన ఆయనే. సంగటి గెలకతాండాడు. ఉప్పు మీ ఒత్తుల మాదిరే, ఒక దినం పడతాది, ఒక దినం పడదు. లేయండి, మీ ఇండ్లకి పోయి అన్నాలు తినండి.