జెర్వాసియో కొట్టిన గోలు

మా చెల్లెలు దియొలిందా కొడుకు జెర్వాసియోకి అరికాళ్లలో చక్రాలున్నాయని మా ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఏడాదికో ఫుట్‌బాల్ క్లబ్బు, ఊరికో అద్దె గది. ఒక సీజను కొండల్లో ఆడాడు, ఒక సీజను దీవుల్లో, ఒకసారి సైప్రస్ దాకా పోయొచ్చాడు. ఎడమ పక్క డిఫెండరు. ముప్పై దాటినా ఒక్క గోలూ లేదు. "మీవాడు అవతలి గోలుపోస్టు ఎప్పుడైనా చూశాడా?" అని చేపలమ్మే ఆడవాళ్లు దియొలిందాను ఉడికించేవాళ్లు. అది నవ్వి ఊరుకునేది.

అలాంటివాడికి గోలు రాసిపెట్టి ఉంటే, అది వాణ్ని పెంచిన మా ఊరి క్లబ్బు మీదే రావాలా? సీజను ఆఖరి ఆట. మైదానంలో సున్నంతో గీతలు గీసింది నేనే. మేం ఓడకపోతే చాలు, డివిజన్లో నిలబడతాం. వీడు ఆ ఏడు ఆడుతున్న క్లబ్బుకు గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు. ఎవరికీ గోలు లేకుండానే ఆట ముగుస్తుందనగా వాళ్లకు కార్నర్ కిక్ వచ్చింది, వీడు తల ఆనించాడు, బంతి లోపల పడింది. మేం కింది డివిజనుకు జారిపోయాం. పాత క్లబ్బు మీద గోలు కొట్టిన వాళ్లందరూ చేసినట్టే, వీడూ రెండు చేతులెత్తి మాకు క్షమాపణ చెప్పాడు. అది చూసి నా ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం వాళ్లమ్మ ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. దియొలిందా సార్డీన్ చేపలు కాలుస్తోంది, తలెత్తలేదు.

"రావయ్యా మహానుభావా," అన్నాను. "ఊరిని ముంచి ఆ దండాలెందుకురా? నీకు సంతోషమైనా లేనప్పుడు, ఎవర్ని ఉద్ధరించడానికి కొట్టావు?"

"లేకేం మామయ్యా," అన్నాడు నేల చూస్తూ. "చెప్పలేనంత సంతోషం వేసింది. గట్టిగా అరవాలనిపించింది. అది మీకెక్కడ తెలిసిపోతుందో అని చేతులెత్తాను. మీరంతా ఏడుస్తున్నారు, నాకేమో... సిగ్గుగా ఉంది. ఈ ఇంట్లో తినే అర్హత నాకు లేదు. వెళ్లిపోతాను."

దియొలిందా చేప తిప్పడం ఆపింది.

"కూర్చోరా," అంది. "నేనూ లేచి నిలబడ్డాను."

"ఎప్పుడమ్మా?"

"బంతి లోపల పడగానే. చప్పట్లు కొట్టబోయాను. పక్కన ఇసౌరా ఏడుస్తోంది. మన గోల్‌కీపరు వాళ్ల అబ్బాయే కదా. ఆమెను చూసి చేతులు కోటు జేబుల్లో దాచుకున్నాను. ఆమెతో పాటు ఏడ్చాను కూడా, దొంగ ఏడుపు. రేపు బజార్లో ఆమె మొహం ఎలా చూడను?"

వాణ్ని నాలుగు దులుపుదామని వచ్చినవాణ్ని. ఇక ఎవర్ని తిట్టాలో తెలియక ఒక చేప అందుకున్నాను. వాళ్లిద్దరూ తినలేదు.